చలికాలంలో తిరుపతి, చిత్తూరు రోడ్ల మీద బండి నడపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కార్తీకం మొదలైన దగ్గర్నుంచి సంక్రాంతి దాటేదాకా మా చుట్టాలు, స్నేహితులు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలివి. బెంగళూరు, చెన్నై నుంచి సొంత బండిలో తిరుమలకు వచ్చేవాళ్లు అడిగేవి కొన్ని, కొత్తగా కారు కొన్న మన ఊరివాళ్లు అడిగేవి కొన్ని. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట పెట్టాను.

తిరుపతిలో చలికాలమేంటన్నా? జనవరిలో కూడా ఫ్యాన్ వేసుకుంటాం కదా!

నిజమే. తిరుపతి టౌన్లో జనవరి రాత్రుల్లో కూడా 18 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు ఎత్తు ప్రాంతం కాబట్టి అక్కడ ఇంకాస్త దిగుతుంది. రోడ్డు మీద నీళ్లు గడ్డకట్టడం మనకు లేదు, రాదు.

కానీ బండి నడిపేవాడికి చలికాలమంటే చలి ఒక్కటే కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. అవి తగ్గేసరికి, నిండిన చెరువులు, తడిసిన నేల మీద నుంచి పొద్దునపూట మంచు. ఆ మంచు ఉండగానే సంక్రాంతి రద్దీ, చెరకు ట్రాక్టర్లు, భోగి పొగ. ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఒక్కోదానికి జాగ్రత్త ఒక్కో రకం.

తెల్లవారుజామున మూడింటికి బయల్దేరితే రోడ్డు ఖాళీగా ఉంటుంది, ఎండ ఎక్కకముందే చేరిపోతాం. మంచిదే కదా?

మే నెలలో మంచిదే. డిసెంబరు, జనవరిలో మాత్రం వద్దంటాను. ఈ పేజీలో ఇంకేదీ చదవకపోయినా ఈ జవాబు చదవండి.

మా పక్క పెద్దవాళ్లందరిదీ ఇదే అలవాటు. ఏ ప్రయాణమైనా కోడి కూయకముందే ఇల్లు కదలాలి. ఎండలు మండే సీమలో అది తెలివైన పద్ధతే. చలికాలానికి అదే పద్ధతి పెడితే లెక్క తిరగబడుతుంది. రాత్రంతా నేల చల్లబడుతూ పోయి, సూర్యుడు రావడానికి కాస్త ముందు చలి బాగా ముదురుతుంది. మబ్బు లేకుండా, గాలి ఆడకుండా ఉన్న రాత్రి అయితే మంచు అప్పుడే చిక్కబడుతుంది. మూడింటికి తిరుపతిలో నక్షత్రాలు కనబడుతుంటాయి, ఆకాశం బాగుందనుకుని బయల్దేరతారు. బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరేసరికి బానెట్ ముందు తెల్లగోడ నిలబడి ఉంటుంది.

రోడ్డు ఖాళీ అన్నది కూడా పూర్తి నిజం కాదు. రాత్రంతా నడిపిన లారీ డ్రైవర్లకు కళ్లు మూతలు పడే వేళ అది. మీకూ అంతే, ఎంత కాఫీ తాగినా ఆ వేళలో ఒళ్లు నిద్రనే కోరుతుంది. పాల క్యాన్లు కట్టుకున్న మోపెడ్లు, వెనక లైటు లేని ట్రాక్టర్లు, తిరుమలకు రోడ్డు పక్కన నడిచి వచ్చే భక్తులు, అందరూ ఆ చీకట్లోనే ఉంటారు.

ఏడున్నరకు టిఫిన్ చేసి బయల్దేరండి. పలమనేరు చేరేసరికి మంచు విడిపోతూ ఉంటుంది. బెంగళూరుకు మధ్యాహ్నానికి చేరతారు, కొంపేమీ మునగదు. తెల్లవారి దర్శనం టికెట్ ఉందంటారా, ముందురోజు సాయంత్రమే వచ్చి తిరుపతిలో పడుకోండి. ధనుర్మాసంలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపిస్తారు. అది వినాలని ఆత్రపడి రాత్రంతా నడుపుకుంటూ వచ్చేవాళ్లకు కూడా ఇదే మాట.

మంచులో చిక్కుకుంటే ఏ లైటు వేయాలి?

డిమ్. హై బీమ్ వేస్తే ఆ వెలుగు మంచులోని నీటి చుక్కలకు తగిలి మీ కళ్లలోకే తిరిగొస్తుంది, కనబడేది ఇంకా తగ్గుతుంది. ముందు ఫాగ్ ల్యాంపులుంటే వేయండి. అవి కింద ఉండి నేలను వెలిగిస్తాయి కాబట్టి రోడ్డు అంచు కాస్త దొరుకుతుంది. పొద్దున ఏడున్నరైనా సరే, మంచుంటే హెడ్‌లైటు ఆన్‌లోనే ఉండాలి. అది మీరు చూడ్డానికి కాదు, ఎదుటివాడికి మీరు కనబడ్డానికి. కొన్ని కార్లలో పగటిపూట ముందు చిన్న లైట్లు వాటంతట అవే వెలుగుతాయి కానీ వెనక ఏమీ వెలగదు. స్విచ్ మీరే తిప్పాలి.

నాలుగు ఇండికేటర్లూ కొట్టుకుంటూ నడపడం ఇప్పుడొక ఫ్యాషనైపోయింది. దయచేసి మానండి. వెనకవాడు బండి ఆగి ఉందనుకుంటాడు, పైగా మీరు ఎటు తిరుగుతున్నారో చెప్పే దారి ఉండదు. బండి నిజంగా ఆపినప్పుడే అవి.

వేగం సంగతికి వస్తే, ఎంత దూరం కనబడుతోందో అంతలోపు ఆగగలగాలి. 60లో పోతుంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటేస్తారు. ఎదురుగా ఏదో ఉందని గుర్తించి కాలు బ్రేకు మీద పడేలోపే 25 మీటర్లు అయిపోతాయి. తడి రోడ్డు మీద బండి ఆగేసరికి మొత్తం 60 మీటర్ల దాకా పడుతుంది. 30లో అయితే అదంతా 20 మీటర్ల చుట్టుపక్కలే. ముందున్న బండి వెనక లైట్లు 30 మీటర్ల నుంచే కనబడుతున్నప్పుడు 60లో పోవడమంటే కళ్లు మూసుకుని పోవడమే.

రోడ్డుకు ఎడమ అంచున ఉండే తెల్లగీతను పట్టుకుని పోండి. మధ్యగీతను పట్టుకుంటే, ఎదుటివాడూ దాన్నే పట్టుకుని వస్తుంటాడు. లారీ వెనక లైట్లు చూసుకుంటూ అతుక్కుపోవడం కూడా వద్దు, వాడు గుంతలోకి పోతే మీరూ పోతారు. ఆగాల్సి వస్తే పెట్రోల్ బంకులోకో హోటల్ ముందుకో పోయి ఆగండి, రోడ్డు మార్జిన్లో కాదు.

తిరుమల ఘాట్‌లో మధ్యాహ్నం పన్నెండింటికి కూడా మంచు ఉందే! ఎండ వస్తే పోతుందన్నారు?

అది వేరే సరుకు. పలమనేరు మైదానంలో ఉండేది నేల చల్లబడి పుట్టిన మంచు, ఎండకు పోతుంది. తిరుమల కొండ ఎత్తు సుమారు 850 మీటర్లు. అక్కడ మిమ్మల్ని కమ్మేది మంచు కాదు, శేషాచలం మీదికి దిగిన మేఘం. దానికి వేళాపాళా లేదు. ఒక మలుపులో ఎండ, తర్వాతి మలుపులో ఏమీ కనబడదు, ఆ పై మలుపులో మళ్లీ ఎండ. చూడ్డానికి అంత అందంగా ఉండేది ఇంకోటి లేదు. నడిపేవాడు మాత్రం ముందు మలుపులోని వేగాన్నే తర్వాతి మలుపుకు మోసుకుపోకూడదు.

పైకి పోయేది 1974లో తెరిచిన రెండో ఘాట్, కిందికి వచ్చేది 1944 నాటి పాత ఘాట్. రెండూ ఒకవైపు దారులే కాబట్టి ఎదురొచ్చే బండి భయం లేదు. అలిపిరిలో టైము వేసి చీటీ ఇస్తారు. పైకి 28 నిమిషాల కంటే ముందు, కిందికి 40 నిమిషాల కంటే ముందు చేరితే అడుగుతారు. చాన్నాళ్లుగా ఉన్న పద్ధతి ఇది, మంచి పద్ధతి. కొందరు తొందరగా పోయి గేటుకు కాస్త ముందు ఆపుకుని టైము గడిపేస్తారు. ఆ తెలివికి దండం పెట్టాలి.

దిగేటప్పుడు ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం, మోకాలిమిట్ట ప్రాంతంలో నడక భక్తుల దారి రోడ్డు పక్కనే సాగుతుంది. చలికి నెత్తిన దుప్పటి కప్పుకుని నడిచేవాళ్లకు వెనక నుంచి వచ్చే బండి చప్పుడు సరిగా వినబడదు. అక్కడ హారన్‌ను నమ్ముకోకుండా బండినే నెమ్మది చేయండి.

ఘాట్ దిగేటప్పుడు కాలిన వాసన వస్తోంది. ఏం చేయాలి?

అది బ్రేకు లైనింగు వాసన. 40 నిమిషాలూ బ్రేకు మీద కాలు పెట్టుకునే దిగితే లైనింగు వేడెక్కి పట్టు వదిలేస్తుంది, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. వాసన మొదలైనప్పుడే గేరు తగ్గించండి. మొదట్నుంచీ సెకండ్ గేర్లోనే దిగుతుంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మలుపులకు మాత్రమే వాడొచ్చు. వాసన బాగా వస్తుంటే వెడల్పున్న చోట పక్కకు ఆపి చల్లారనివ్వండి. నీళ్లు మాత్రం పోయకండి.

పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ చేసి వదిలేవాళ్లను ఇంకా చూస్తూనే ఉన్నాం. ఇప్పటి ఇంజన్లలో గేర్లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంధనం దాదాపు పోనే పోదు. న్యూట్రల్లోనే ఆఫ్ అయిపోకుండా తిరగడానికి కొంచెం తాగుతుంది. అంటే ఆదా అన్నది కూడా ఉత్తమాటే.

ఆటోమేటిక్ కారైతే డి లో వదిలేయకుండా ఎల్ కో, మాన్యువల్ మోడ్‌లో రెండో గేరుకో మార్చుకోండి. కరెంటు కారుకు దిగుడులో బ్యాటరీ ఛార్జి అవుతూ బండిని పట్టి ఉంచే సదుపాయం ఉంది. అయితే బ్యాటరీ నిండుగా ఉంటే ఆ పట్టు తగ్గిపోతుంది. కాబట్టి కొండ మీద ఫుల్ ఛార్జి పెట్టుకుని దిగొద్దు. 2022 నుంచి ఈ ఘాట్‌లో కరెంటు బస్సులు తిరుగుతున్నాయి, బండి మీద అనుమానం అక్కర్లేదు.

భాకరాపేట ఘాట్, హార్స్‌లీ హిల్స్ కూడా ఇలాగేనా?

కాదు. అవి రెండువైపులా బండ్లు తిరిగే రోడ్లు. ఇరుకు చోట ఎక్కే బండికే ముందు దారివ్వాలి, దిగేవాడు ఆగాలి. రూలు పుస్తకంలోనూ అదే ఉంది. భాకరాపేట ఘాట్ చీకటి పడ్డాక కొత్తవాళ్లకు మంచిది కాదు. 2022 మార్చిలో నిశ్చితార్థానికి పోతున్న బస్సు రాత్రిపూట లోయలో పడింది ఇక్కడే. అప్పుడు మంచూ లేదు, వానా లేదు. ఇక ఉన్నప్పుడు సంగతి మీరే ఆలోచించుకోండి.

అద్దం లోపల ఆవిరి పట్టి ఏమీ కనబడటం లేదు. గుడ్డతో తుడిచినా మళ్లీ వస్తోంది.

తుడవకండి, మరకలు పడి ఎదుటి లైట్లకు ఇంకా మెరుస్తుంది. లోపల అయిదుగురు కూర్చుని ఊపిరి వదులుతుంటే ఆ తేమంతా చల్లటి అద్దానికి పడుతుంది. ఏసీ వేసి, గాలి ముందు అద్దానికి తిప్పి, బయటి గాలి లోపలికి వచ్చేలా బటన్ మార్చండి. చలికాలంలో ఏసీ ఏంటని అడక్కండి. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది. చలి అనిపిస్తే వేడి నాబ్ కూడా కాస్త తిప్పుకోవచ్చు, రెండూ కలిసి పనిచేస్తాయి. ఏసీ లేకపోతే రెండువైపులా కిటికీ రెండు వేళ్ల సందు దించండి.

ఆవిరి అద్దానికి బయటివైపు పడితే ఉల్టా. ఏసీ ఎక్కువై అద్దం మరీ చల్లబడిందని అర్థం. ఏసీ తగ్గించి ఒకసారి వైపర్ కొట్టండి.

తుపాను అంటున్నారు. బయల్దేరొచ్చా?

మన రెండు జిల్లాల్లో చలికాలపు అసలు గండం ఇదే. 2021 నవంబరు వరదల్లో స్వర్ణముఖి పొంగి వంతెనలు దెబ్బతిన్నాయి. ఆ డిసెంబరు 1న తిరుమల రెండో ఘాట్‌లో కొండచరియలు పడి రాకపోకలు ఆపేశారు. 2022 డిసెంబరులో మాండూస్, 2023 డిసెంబరులో మిచాంగ్. తుపాను తీరం దాటేది ఎక్కడో అయినా వాన మాత్రం మన కొండల మీదే కుమ్మరిస్తుంది.

టౌన్లో భయపడాల్సింది రైల్వే అండర్ బ్రిడ్జిలకు. వెస్ట్ చర్చి దగ్గరి దాంట్లో 2021 అక్టోబరులో రాత్రి వానకు బండి మునిగి, దర్శనానికి వచ్చిన పెళ్లికూతురు చనిపోయింది. నీళ్లు చీకట్లో రోడ్డులాగే కనబడతాయి, లోతు తెలీదు. ముందు బస్సు పోయిందని మీరు పోకండి, దాని ఎత్తు వేరు. చక్రం సగానికి పైన నీళ్లుంటే వెనక్కి తిప్పుకోవడమే. వాగు మీద పారే నీళ్లకైతే ఆ లెక్క కూడా పనికిరాదు. అడుగు ఎత్తున వేగంగా పారే నీరు చిన్న కారును పక్కకు తోసేయగలదు.

నీళ్లలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. లోపలికి నీళ్లు పోయి ఉంటే ఆ ఒక్క సెల్ఫ్‌కే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. మామూలు ఇన్సూరెన్సులో అది చాలాసార్లు రాదు, ఇంజన్ ప్రొటెక్షన్ అని విడిగా కట్టి ఉండాలి. దిగి, తోసి, మెకానిక్కును పిలవండి.

పొద్దున సెల్ఫ్ తీసుకోవడం లేదు. చలికేనా?

మన చలికి మంచి బ్యాటరీ చావదు. మూడు నాలుగేళ్ల ఎండలకు అది ముందే నీరసపడి ఉంటుంది, ఎండాకాలంలో ఎలాగో లాక్కొస్తుంది, ఇంజనాయిల్ చిక్కబడిన చల్లటి పొద్దున దొరికిపోతుంది. టెస్ట్ చేయించి మార్చేయండి. డీజిల్ బండికి తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డులో చుట్టలా వెలిగే గుర్తు హీటర్ ప్లగ్గుది, అది ఆరాకే సెల్ఫ్ కొట్టండి. స్టార్టయ్యాక పది నిమిషాలు ఊరికే తిప్పక్కర్లేదు. అర నిమిషం ఆగి మెల్లగా కదిలితే చాలు.

టైర్లలో గాలి తగ్గించాలా, పెంచాలా?

డోరు దగ్గర అంటించిన చీటీలో ఎంతుంటే అంత, టైరు చల్లగా ఉన్నప్పుడు. చలికి గాలి దానంతటదే కొంచెం తగ్గుతుంది, ప్రతి అయిదారు డిగ్రీలకు ఒక పాయింటు చొప్పున. వానకు మాత్రం గాలి కంటే గాడి ముఖ్యం. కారు టైరు గాడి 1.6 మిల్లీమీటర్లకు దిగితే చట్టం ప్రకారమే పనికిరాదు. నన్నడిగితే వానలకు ముందే, అంతదాకా అరగకుండానే మార్చాలి.

బైకులో పోతాను. చలికి చేతులు మొద్దుబారి బ్రేకు కూడా అందడం లేదు.

నిలబడి ఉన్నప్పుడు 15 డిగ్రీలు హాయిగానే ఉంటుంది. 50లో పోతుంటే ఆ గాలి ఒంట్లో వేడిని ఊడ్చుకుపోతుంది. గ్లౌజులు కొనండి, ఉన్ని కంటే గాలి చొరబడనివి మేలు. జర్కిన్ లోపల ఛాతీకి అడ్డంగా మడిచిన పేపరు పెట్టుకునే పాత చిట్కా ఇప్పటికీ పనిచేస్తుంది. మంకీ క్యాప్ మీద హెల్మెట్ పెట్టుకోవద్దు, హెల్మెట్ తలకు కుదురుగా పట్టదు. మెడకు మఫ్లర్ చాలు. దాని కొసలు జర్కిన్ లోపలికి దోపుకోవాలి, చైన్లో పడితే ప్రాణం మీదికొస్తుంది.

వైజర్ ఆవిరి పడితే కాస్త తెరవండి. ముందురోజే లోపలివైపు ఒక చుక్క సబ్బునీళ్లు రాసి మెత్తటి గుడ్డతో ఆరే దాకా రుద్దితే చాలాసేపు పట్టదు. తిరుమల ఘాట్‌లో బైకులకు వేళలున్నాయి, చిరుతల భయం వల్ల అవి మారుతుంటాయి. సాయంత్రం పోవాలనుకుంటే అలిపిరిలో ముందే అడిగి ఎక్కండి.

చెరకు ట్రాక్టర్లు, ఏనుగులు... ఇంకేమున్నాయి?

చెరకు ట్రాక్టరు వెనక గడలు రోడ్డు వైపు పొడుచుకు వచ్చి ఉంటాయి, లైటు ఉంటే వాటి వెనక దాక్కుని ఉంటుంది. రాత్రిపూట ముందు ఏదో నల్లగా కదులుతోందనిపిస్తే అదే అనుకుని వేగం తగ్గించండి. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి పక్కన ఏనుగులు పంటల మీదికి దిగుతాయి. ఏనుగు కనబడితే దూరంగా ఆపి, లైటు డిమ్ చేసి, హారన్ ముట్టుకోకుండా అది పోయేదాకా ఉండటమే. వెనక్కి పోయే దారి వదులుకోకండి. ఫోటో కోసం దిగేవాడితో నాకు మాటల్లేవు.

భోగి పొద్దున ఊరూరా మంటలు. కొందరు పాత టైర్లు కూడా వేస్తారు. మంచులో ఆ పొగ కలిస్తే ఊళ్లు దాటేదాకా బండి నడక వేగమే. ఆ ఒక్క పొద్దు ఇంట్లో ఉండి తలంటుకోండి.

ఇన్ని భయాలు చెప్పారు, చలికాలంలో నడపడంలో సుఖమే లేదా?

ఉంది. అసలు మన రోడ్ల మీద బండి నడపాలంటే ఇదే కాలం. ఇంజన్ వేడెక్కదు, టైరు పేలదు, మధ్యాహ్నం రెండింటికి కూడా కిటికీ దించుకుని పోవచ్చు. ఏడాదిలో కొండలు పచ్చగా ఉండేది ఈ మూడు నెలలే. వాన వెలిసిన మర్నాడు రెండో ఘాట్ ఎక్కండి. రాతి గోడల సందుల్లోంచి సన్నటి ధారలు రోడ్డు అంచుకు దూకుతుంటాయి, కిటికీలోంచి తడి మట్టి, ఆకుల వాసన. ఘాట్‌లో ఆపకూడదు కాబట్టి నడిపేవాడికి దక్కేది ఓరచూపే. అందుకే మా ఇంట్లో పైకి ఒకరు, కిందికి ఒకరు నడుపుతాం.

తలకోన జలపాతం సుమారు 270 అడుగులు. నవంబరు, డిసెంబరుల్లో దాని నిండుదనం చూడాలి, వేసవిలో చూసినవాళ్లు అదేనా ఇది అంటారు. భాకరాపేట దాటి నెరబైలు మీదుగా పోయే దారిలో పొద్దున తొమ్మిదికి చెట్ల మధ్య ఎండ చారలుగా పడుతుంది. చీకటి పడకముందే తిరిగి రండి. హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్ల ఎత్తు. అక్కడ సాయంత్రం స్వెటర్ లేకుండా నిలబడటం కష్టం, చిత్తూరువాడికి అదొక ముచ్చట.

చిత్తూరు చుట్టుపక్కల గానుగలు ఆడే కాలంలో రోడ్డు మీదికే బెల్లం పాకం వాసన వస్తుంది. కిటికీలు మూసుకుని పాటలు పెట్టుకునేవాళ్లకు ఆ అదృష్టం లేదు. పలమనేరు, పుంగనూరు వైపు రోడ్డు పక్కన అనపకాయలు కుప్పలు పోసి అమ్ముతారు. బేరమాడి ఒక సంచి కొనుక్కోండి. ఇంటికొచ్చి గింజలు నానబెట్టి పితికితే, రాగిసంగటిలోకి పితికిపప్పు. ఆ కూర కోసమే ఆ రోడ్డున పోయేవాళ్లం ఉన్నాం.

మా అబ్బాయి అమెరికా పోయి కారు కొన్నాడు. అక్కడి మంచుకు ఇవే జాగ్రత్తలా?

అది వేరే లోకం. ఇక్కడ నేర్చుకున్న వాటిలో నెమ్మది ఒక్కటే అక్కడ పనికొస్తుంది. 7 డిగ్రీల కంటే దిగితే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది, చలి టైర్లు వేరే ఉంటాయి. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా అవి లేకుండా నడపడం నేరం. తెల్లగా కనబడే మంచు కంటే, తడి రోడ్డులా నల్లగా కనబడే పలచటి గడ్డ ప్రమాదం. వంతెనల మీద కింద కూడా చలిగాలే కాబట్టి మిగతా రోడ్డు కంటే ముందు అక్కడ గడ్డకడుతుంది. బండి జారితే ఉలిక్కిపడి బ్రేకు తొక్కకుండా, యాక్సిలరేటర్ వదిలి పోవాల్సిన వైపు చూస్తూ స్టీరింగు మెల్లగా తిప్పాలి. మంచులో కూరుకుపోయి హీటరు కోసం ఇంజన్ ఆన్‌లో పెట్టాల్సి వస్తే, ముందు దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయమనండి. అది మూసుకుంటే విషవాయువు కార్లోకే వస్తుంది, దానికి వాసన ఉండదు.

మన దేశంలోనే లద్దాఖ్ చలికి మామూలు డీజిల్ గడ్డకడుతుంది. అందుకే ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా తట్టుకునే డీజిల్ అక్కడ తెచ్చింది. మనాలి, లద్దాఖ్ సొంత కారులో పోతామనే కుర్రాళ్లు డిసెంబరులో కాకుండా జూన్లో పోండి.

బండిలో ఏమేం పెట్టుకోవాలి?

టార్చి, గాలి నిండిన స్టెప్నీ, ఎర్ర త్రికోణం బోర్డు, నీళ్లు, ఒక దుప్పటి, కొత్త వైపర్ బ్లేడ్లు వేసిన అద్దం. ఏ ఆపదకైనా 112, అంబులెన్సుకు 108, జాతీయ రహదారి మీద బండి ఆగితే 1033.

ఘాట్ రోడ్డు మూసేశారని ముందే ఎలా తెలుస్తుంది?

గట్టి వాన పడితే టీటీడీ ప్రకటన ఇస్తుంది, టీవీల్లో స్క్రోలింగు వస్తుంది. వాట్సాప్‌లో తిరిగే వీడియోలు నమ్మకండి, 2021 నాటివి ఏటా కొత్తగా తిరుగుతుంటాయి. తిరుపతిలో తెలిసినవాళ్లుంటే ఒక ఫోన్ కొట్టండి. కొండ కనబడుతోందా అని అడగండి. కనబడటం లేదంటే టిఫిన్ ఇంకాస్త నిదానంగా చేసి బయల్దేరండి.